శబరి ఎగపోటు, ఒక లెక్క

గోదావరికి వరదొస్తే భద్రాచలంలో అందరి నోటా ఒకటే మాట: "ఎన్ని అడుగులుంది?" 43కి మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 2022 జులైలో 71 దాటింది. 1986 ఆగస్టులో 75.6. అయితే ఊళ్లు ఖాళీ చేయించాలో వద్దో తేల్చాల్సినవాళ్లకు కావలసింది రేపటి అంకె. అది చెప్పడానికే కంప్యూటర్‌లో ఇంకో గోదావరిని కడతారు.

ఇందుకు పనికొచ్చే హెచ్ఈసీ-హెచ్ఎంఎస్ సాఫ్ట్‌వేర్‌ను అమెరికా సైన్యపు ఇంజినీర్ల విభాగం ఉచితంగానే ఇస్తుంది. సుమారు 3.12 లక్షల చదరపు కిలోమీటర్ల పరీవాహక ప్రాంతాన్ని ఎత్తుపల్లాల పటం చూసి ముక్కలు చేస్తారు. ఒక్కో ముక్కకు ఒక్కో పద్దు: పడిన వాన ఎంత, నేల తాగింది ఎంత, మిగిలి పారింది ఎంత.

చిక్కంతా ఆ 'తాగింది' దగ్గరే. నల్లరేగడి సంగతి రైతుకు తెలిసిందే. ఎండాకాలం నెర్రెలిచ్చి తొలి వానను మింగేస్తుంది. నాలుగు ముసుర్లు తగిలాక ఉబ్బి, నోరు మూసుకుంటుంది. ఈ తేడాను 'కర్వ్ నంబర్' అనే ఒక్క అంకెలోకి దించారు. అది ఎంత పెద్దదైతే అంత ఎక్కువ నీరు పారుతుందని అర్థం. మామూలు తడిలో ఆ అంకె 80 ఉన్న నేల మీద 100 మిల్లీమీటర్ల వాన పడితే దాదాపు 50 మిల్లీమీటర్ల నీరు పారుతుంది. అదే నేల ఎండి ఉంటే పారేది 22 మిల్లీమీటర్లే, బాగా నాని ఉంటే 73. వాన ఒకటే, వరద మూడింతలకు పైగా తేడా! అందుకే నాకు వాన అంకె ఒక్కటే వింటే తృప్తి ఉండదు. అంతకు ముందు వారం ఎలా గడిచిందో కూడా అడగాలనిపిస్తుంది.

పారిన నీరు కిందికి చేరడానికి పట్టే కాలాన్ని మస్కింగమ్ పద్ధతితో లెక్కకట్టవచ్చు. ఒహాయోలోని ఓ నది పేరది, 1930లలో పుట్టిన పద్ధతి. నదిని వరుస తొట్లుగా ఊహిస్తుంది. పై తొట్టి నిండితే కింది తొట్టికి. చాలా చోట్ల ఇది చాలు.

కూనవరం దగ్గర చాలదు. అక్కడ ఉపనది శబరి వచ్చి గోదావరిలో కలుస్తుంది. గోదావరి నిండుగా ఉంటే శబరి నీటికి దారి దొరకదు, వెనక్కి తన్నుతుంది. ఎగపోటు అంటే ఇదే. శబరి కూడా పోటెత్తితే ఎగువనున్న భద్రాచలంలో నీరు తగ్గడం నెమ్మదిస్తుంది. ఇంకా దిగువన పాపికొండల మధ్య నది ఇరుకు కావడం సరేసరి. తొట్ల లెక్కలో నీరు కిందికే పోతుంది, ఎగపోటు అన్న మాటే దానికి తెలియదు. అలాంటిచోట నీటి మట్టం, ప్రవాహం ఎలా మారతాయో చెప్పే 1871 నాటి సెయింట్-వెనాంట్ సమీకరణాలను నది పొడవునా ముక్కముక్కకూ సాధించాలి. అదే విభాగం ఇచ్చే ఇంకో సాఫ్ట్‌వేర్ హెచ్ఈసీ-రాస్ చేసేది ఆ పనే.

దానికి మాత్రం అడ్డకోతలు కావాలి: ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా నది అడుగు ఎక్కడ ఎంత లోతుందో. వరదేమో ఒకచోట ఇసుక తవ్వి ఇంకోచోట మేట వేసి పోతుంది. నీరు తగ్గాక పడవ వేసుకుని మళ్లీ కొలవాల్సిందే.