వడ్ల రాశి, ఈస్ట్ బుడిపె

చిన్నీ,

బడిలో మైక్రోస్కోప్ కింద ఈస్ట్, అదే రొట్టె పిండిని పొంగించే ఒంటికణ జీవిని, చూశామని ఫోన్‌లో చెప్పావు. "తాతా, గుండ్రంగ ఉన్నదానికి ఒక్క పక్కనే బుడిపె ఎందుకొస్తది?" అన్నావు. రెండు రోజులుగా నా మనసంతా దాని మీదే ఉంది.

ఇక్కడ యాసంగి కోతలు నడుస్తున్నాయి. నర్సంపేట రోడ్డు మీద వడ్లు ఆరబోశారు. నిన్న వాటిని చూస్తుంటే మా నాయనమ్మ గుర్తొచ్చింది.

నా చిన్నప్పుడు హార్వెస్టర్లు లేవు. కల్లంలో ఎడ్లతో బంతి తిప్పి, తూర్పారబట్టి రాశి పోసేవాళ్లం. పోసిన రాశి పోసినట్టు ఉండదు, గింజలు జారి అంచులకు పరుచుకుంటాయి. నాయనమ్మ చుట్టూ తిరిగి ఊడ్చి, చాటకెత్తి, మట్టిపెళ్లలు వేళ్లతో ఏరేసి, మళ్లీ రాశి నెత్తిన పోసేది. "ఎన్నిసార్లు ఊడుస్తవే?" అంటే, "ఊడ్వకుంటే రాశి ఏడుంటది బిడ్డా, కల్లమంతా వడ్లే ఉంటయి" అనేది. ఒక్క గింజ కాలికి తగిలినా కండ్లకద్దుకొమ్మనేది. నువ్వూ కంచంలో అన్నం వదలకు.

ఈస్ట్ కణం మిల్లీమీటరులో సుమారు 200వ వంతు. దాని పొర మీద సీడీసీ42 అనే ప్రొటీన్ ఎక్కడ రాశి పడితే అక్కడే బుడిపె, అంటే పిల్ల కణం, లేస్తుంది. పొర నూనెలాంటిది కాబట్టి ఆ ప్రొటీన్లు పక్కలకు జారుతూనే ఉంటాయి. జారినవాటిని ఇంకో ప్రొటీన్ పొర నుంచి తీసి లోపలికి తెస్తుంది. అవి తిరిగి వెళ్లి ఎక్కువగా రాశి మీదే వాలతాయి. కొన్ని చిన్న సంచుల్లో లోపలికొచ్చి, యాక్టిన్ అనే ప్రొటీన్ తాళ్ల వెంట మళ్లీ అక్కడికే చేరతాయి. గింజలు మారుతుంటాయి, రాశి మాత్రం ఉంటుంది.

మరి అక్కడ ఊడ్చే నాయనమ్మ ఎవరు? ఎవరూ లేరు! రాశిలో ఉన్నవే సాయం చేసే ప్రొటీన్లను పిలుచుకుని, పక్కన వాలినవాటిని కూడా చురుకు చేస్తాయి. రెండు రాశులు ఒకేసారి మొదలైతే పెద్దది చిన్నదాన్ని లాగేసుకుంటుంది. అందుకే బుడిపె ఒక్కటే. మామూలుగా పాత బుడిపె మచ్చలు చోటు చూపిస్తాయి. ఆ గుర్తులు తెలియకుండా చేసినా, కణం ఎక్కడో ఒకచోట ఒక్క రాశే పోసుకుంటుంది. ఇది తలుచుకుంటే నాకు ఒళ్లు పులకరిస్తుంది.

ఈస్ట్‌లో ఇలాంటి సీడీసీ జన్యువులను, అంటే కణ విభజనను నడిపే జన్యువులను, వెతికిన శాస్త్రవేత్త లీలాండ్ హార్ట్‌వెల్‌కు 2001లో నోబెల్ వచ్చింది. సీడీసీ42 నీ ఒంట్లోనూ ఉంది. మోకాలి దెబ్బ మానేటప్పుడు కణాలు ఎటు జరగాలో తేల్చడంలో దానికీ చెయ్యి ఉంది.

ఈసారి గోరువెచ్చని చక్కెర నీళ్లలో ఈస్ట్ వేసి, బుడిపె అప్పుడే లేస్తున్న కణాన్ని ఒకదాన్ని పట్టుకో. పది నిమిషాలకోసారి బొమ్మ గీయి. గంటన్నర ఓపిక పట్టాలి. ఆ బొమ్మలు నాకు పంపు.

మీ తాత