మామ్మ పట్టిన కాటుక, మంటలో పుట్టే తెల్లపొడి

అమలాపురం

చిరంజీవులైన పిల్లలకు తాతయ్య ఆశీస్సులు.

మొన్న మామ్మ కాటుక పడుతుంటే పక్కనే కూర్చుని చూశారు కదా. ఆముదపు ప్రమిద మీద ఇత్తడి పళ్ళెం బోర్లించి, మంట కొసకు తగిలీ తగలనట్టు నిలిపితే మసి దట్టంగా పట్టింది. జానెడు పైకి లేపితే పట్టడం తగ్గింది. దగ్గరగా ఉన్న పళ్ళెం మంట వేడిని తగ్గించి మసిని నిలుపుతుంది; పైకి లేపితే ఆ మసి మంట అంచున గాలి తగిలి కాలిపోతుంది. నూనె అదే, వత్తీ అదే. మసి ఎంతసేపు వేడిలో ఉన్నదన్నదే తేడా.

లోహం ఆక్సిజన్‌తో కలిసి ఏర్పడే ఆక్సైడుల నానో కణాలను, అంటే కంటికి కనబడనంత చిన్న రేణువులను, మంటలో తయారుచేయడంలోనూ కీలకం ఆ వ్యవధే. అంతర్వేది తీరాన కాళ్ళకు అంటుకునే నల్ల ఇసుకలో ఇల్మెనైట్ ఉంటుంది, అందులో ఇనుముతోపాటు టైటానియం ఉంటుంది. అలాంటి ఖనిజం నుంచి టైటానియం టెట్రాక్లోరైడ్ అనే ద్రవాన్ని తీసి, దాని ఆవిరిని హైడ్రోజన్, ఆక్సిజన్ మంటలోకి పంపితే టైటానియం డయాక్సైడ్ తెల్లని పొడిగా వస్తుంది. సెకనులో వెయ్యో వంతుల్లో లెక్కించవలసిన ఆ కొద్ది కాలంలోనే తొలి కణాలు పుట్టి, ఒకదాన్నొకటి ఢీకొని, వేడి ఉన్నంతవరకు ఒకదానిలో ఒకటి కలిసిపోయి పెరుగుతాయి; చల్లబడ్డాక కలవలేక, గొలుసుల్లా అంటుకుని మిగిలిపోతాయి.

టైటానియం డయాక్సైడ్‌కు పరమాణువుల అమరికను బట్టి అనటేజ్, రూటైల్, బ్రూకైట్ అనే స్ఫటిక రూపాలున్నాయి. పెద్ద గడ్డల్లో స్థిరమైనది రూటైల్. బాగా వేడి చేస్తే అనటేజ్ రూటైల్‌గా మారుతుంది, చల్లార్చినా మళ్ళీ వెనక్కి రాదు. మరి వెయ్యి డిగ్రీలు దాటిన మంటలో అనటేజే ఎక్కువగా ఎందుకు వస్తుంది? నన్ను చాలాకాలం వదలని ప్రశ్న ఇది. కణం మరీ చిన్నదైనప్పుడు లోపలి భాగం కంటే ఉపరితలానిదే పైచేయి; అనటేజ్ ఉపరితల శక్తి, అంటే ఉపరితలం ఏర్పడటానికి కావలసిన శక్తి, తక్కువ కనుక సుమారు 14 నానోమీటర్ల (నానోమీటరంటే మీటరులో వంద కోట్లో వంతు) లోపు అదే స్థిరంగా ఉంటుంది. ఆ పైన పెరిగినా, రూపం మారడానికి కావలసినంత వ్యవధి మంటలో దొరకదు. పి25 అనే ప్రసిద్ధమైన పొడి ఇలా పుట్టినదే: కణాలు సగటున 21 నానోమీటర్లు, నూటికి సుమారు 80 పాళ్ళు అనటేజ్, తక్కినది చాలావరకు రూటైల్. గోడల రంగులకు మాత్రం కాంతిని ఎక్కువగా వంచే రూటైలే కావాలి కనుక, ఆ తయారీలో ఆవిరికి కొంచెం అల్యూమినియం క్లోరైడ్ కలుపుతారు.

కంటికి అనటేజ్, రూటైల్ రెండూ ఒకే తెలుపు. రాగి నుంచి పుట్టించిన ఎక్స్ కిరణాలను పొడి మీదికి పంపి, అవి ఏ కోణాల్లో చెదురుతాయో గీసి చూపే యంత్రంతో పరీక్షిస్తే మాత్రం అనటేజ్ ముఖ్య శిఖరం 25.3 డిగ్రీల కోణం దగ్గర, రూటైల్‌ది 27.4 దగ్గర లేస్తుంది. మీ కాలేజీ ప్రయోగశాలలో ఆ యంత్రం ఉంటే, ముందుగా ఆ రెండు చోట్లా చూడండి.

మీ తాతయ్య