వంగర నుంచి సోంపేట దాకా ఒకటే సున్న

శ్రీకాకుళం

అమ్మలూ, బాబూ,

మొన్న ఫోన్‌లో బాబు నన్ను "అబ్బబ్బా" అని పిలిచాడు. జలుబు చేసిందని మీ అమ్మ చెప్పకముందే నాకు తెలిసిపోయింది. వెనక నుంచి అమ్మలు "వీడు ముక్కుతో మాట్లాడుతున్నాడు" అంది. అందరం అనే మాటే అది. కానీ అసలు సంగతేమిటంటే, వాడి మాట ముక్కులోంచి రావడం లేదు. మ, న పలికేటప్పుడు గాలి ముక్కులోంచి బయటికి రావాలి. ముక్కు దిబ్బడ వేస్తే ఆ దారి మూసుకుపోతుంది. అప్పుడు మ కాస్తా బ అవుతుంది, న కాస్తా ద అవుతుంది. ముక్కు గట్టిగా పట్టుకుని 'నాన్న' అని చూడండి.

ఇలా ముక్కు సాయంతో పలికేవి అనునాసికాలు. నాసిక అంటే ముక్కు. ఙ, ఞ, ణ, న, మ: మీ అక్షరమాలలో క నుంచి మ దాకా ఒక్కో వరుస చివర ఒక్కొక్కటి ఉంటుంది. మొదటి రెండూ ఎక్కడా రాయం కదా, ఎందుకు నేర్పుతారని అమ్మలు కిందటి సంక్రాంతికి అడిగింది. అరిసెల పాకం పొయ్యి మీద ఉండి సరిగ్గా చెప్పలేకపోయాను. ఆ మాట నా మనసులో ఉండిపోయింది. రాయడం లేదు గానీ, రోజూ పలుకుతున్నాం తల్లీ. సున్న చాటున పలుకుతున్నాం.

మన వైపు ఊళ్ల పేర్లే తీసుకోండి. వంగర, కంచిలి, గంట్యాడ, మందస, సోంపేట. అన్నింటిలోనూ ఒకటే సున్న. ఇప్పుడు ఒక్కో పేరూ మెల్లగా పలుకుతూ సున్న దగ్గర ఆగండి. వంగర అనేటప్పుడు నాలుక వెనక భాగం పైకి లేస్తుంది, అది ఙ. కంచిలిలో నాలుక మధ్యభాగం అంగిలికి తగులుతుంది, అది ఞ. గంట్యాడలో నాలుక కొస మడత పడుతుంది, ణ. మందసలో పళ్లకి ఆనుతుంది, న. సోంపేటలో నాలుకకి పనే లేదు, పెదవులు మూసుకుంటాయి, మ. తర్వాత రాబోయే అక్షరం ఎక్కడ పుడుతుందో అక్కడికి నోరు ముందే వెళ్లి కూర్చుంటుంది. అందుకే అయిదు ధ్వనులకీ ఒక్క గుర్తు సరిపోయింది. ఎంత పొదుపో చూడండి! వంశధార, సింహాచలం లాంటి వాటిలో, విజయనగరం లాంటి పేర్ల చివరా ఇంచుమించు మ లాగే వినిపిస్తుంది.

ఇక పేరు సంగతి. సున్న అనే మాట సంస్కృతంలోని శూన్యం నుంచి వచ్చింది. లెక్కల్లో ఏమీ లేకపోవడం సున్న. పరీక్షలో మాస్టారు చుట్టేదీ సున్నే. అక్షరం పక్కన పెట్టేదీ అలాగే గుండ్రంగా ఉంటుంది కాబట్టి దానికీ ఆ పేరే. పండితులు అనుస్వారం అంటారు. స్వరం అంటే అచ్చు, దాని వెంట వచ్చేది అని అర్థం. అందుకే ఏ మాటా సున్నతో మొదలవదు. సున్నుండ కూడా దీని చుట్టమే అనుకునేరు, కాదు. అందులోది సున్ని, అంటే పిండి.

నిండుసున్నకి ఒక తమ్ముడున్నాడు, అరసున్న. మా నాన్నగారు ఉత్తరాల్లో 'వాఁడు', 'తోఁట' అని రాసేవారు. చిన్నప్పుడు నాకది కొడవలిలా కనిపించేది. పలకనిది ఎందుకు రాస్తారని అడిగితే, "ఒకప్పుడు అక్కడ ముక్కు పలికేదమ్మా" అన్నారు. ఆయన మాట నిజమే. సంవత్సరాన్ని మనం ఏఁడు అంటే తమిళులు ఆండు అంటారు. మనం ఈఁదుతాం, వాళ్లు నీందుతారు. మన నోట్లో అరిగిపోయిన ముక్కు పలుకు వాళ్ల దగ్గర ఇంకా ఉంది. ఏఁడు అంటే సంవత్సరం, ఏడు అంటే అంకె. నాఁడు అంటే ఆ రోజు, నాడు అంటే సీమ. ఇప్పుడు రెండూ ఒకేలా రాసేస్తున్నాం.

దానికి నాకు దిగులు లేదు. జనం పలికే తెలుగే పుస్తకాల్లో ఉండాలని పోరాడిన గిడుగు రామమూర్తి గారిది మన జిల్లాయే. వంశధార ఒడ్డున పర్వతాలపేటలో 1863 ఆగస్టు 29న పుట్టారు. అందుకే ఆ రోజున మీ బళ్లో తెలుగు భాషా దినోత్సవం చేస్తారు. ఆయన కొండల్లో ఉండే సవర గిరిజనుల దగ్గర కూర్చుని, వాళ్ల నోట వచ్చే ప్రతి ధ్వనినీ విని, ఆ భాషకి వ్యాకరణం, నిఘంటువు తయారుచేశారు. ఆ కొండల్లో తిరిగినప్పుడు మలేరియా వచ్చి, క్వినైన్ వాడటంతో చెవులు పోయాయి. చెవితో బతికిన మనిషికి అలా జరగడం తలుచుకుంటే ఇప్పటికీ నాకు గుండె బరువెక్కుతుంది.

అరసున్న మనకి పోయినా ఇచ్ఛాపురం దాటితే ఒడియాలో బతికే ఉంది. వాళ్లు ఊరిని 'గాఁ' అంటారు, ముక్కుతోనే. వేసవికి వచ్చినప్పుడు తీసుకెళ్లి వినిపిస్తాను.

బాబూ, ఆవిరి పట్టు, చల్లనీళ్లు తాగకు. జలుబు తగ్గిన రోజు ఫోన్ చేసి నన్ను ఒకసారి పిలు. ఆ పిలుపులో నాలుగు మలు ఉన్నాయి, నాలుగూ వినాలి.

మీ
అమ్మమ్మ