డ్రాఫ్ట్ వేలం కాదండీ: ఐస్ హాకీలో ప్రతిభ ముందా, జట్టు అవసరం ముందా?

జూన్ వస్తోందంటే చాలు, నా ఫోన్‌కి తీరిక ఉండదు. ఎన్‌హెచ్‌ఎల్ (ఉత్తర అమెరికాలో ఐస్ హాకీ పెద్ద లీగ్) డ్రాఫ్ట్, అంటే జట్లు వంతులవారీగా కొత్త కుర్రాళ్ళను ఎంచుకునే కార్యక్రమం, దగ్గరపడుతుంది కాబట్టి తెలిసినవాళ్ళు, వాళ్ళకు తెలిసినవాళ్ళు అందరూ అడిగేది దాదాపు ఒకటే: "మన టీమ్‌కి డిఫెన్స్ అస్సలు లేదు, మళ్ళీ ఫార్వర్డ్‌నే తీసుకుంటారేంటండీ వీళ్ళు?" నేను ఒంటారియోలో జూనియర్ హాకీకి వీడియో స్కౌటింగ్ చేస్తాను. పదహారు, పదిహేడేళ్ళ కుర్రాళ్ళ ఆట షిఫ్ట్ (ఆటగాడు ఒక విడతలో ఐస్ మీద ఉండే సమయం) వెంట షిఫ్ట్ చూసి రిపోర్టులు రాయడం నా పని. ఈ ప్రశ్న అభిమానులు అడిగితే పర్వాలేదు, వాళ్ళ కోపం రెండు రోజుల్లో చల్లారుతుంది. కానీ ఇదే లెక్కతో తల్లిదండ్రులు పిల్లల పొజిషన్లు మార్చేస్తున్నారు. నష్టపోతున్నది పిల్లలు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

మనవాళ్ళకు ఈ అపోహ ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. మనం ఐపీఎల్ వేలం చూస్తూ పెరిగినవాళ్ళం. 2023 డిసెంబర్ వేలంలో సన్‌రైజర్స్ హైదరాబాద్ ప్యాట్ కమిన్స్‌ని 20.5 కోట్లు పెట్టి కొన్నది, కెప్టెన్‌ని చేసింది, ఆ సీజన్‌లోనే ఫైనల్ దాకా వెళ్ళింది. ఖాళీ కనపడింది, నింపారు, పని జరిగింది. అయితే కమిన్స్ అప్పటికే ఆస్ట్రేలియాకు ప్రపంచకప్ గెలిపించి వచ్చిన మనిషి. హాకీ డ్రాఫ్ట్‌లో చేతికొచ్చేది ఇంకా ఒళ్ళు కూడా పూర్తిగా ఎదగని పద్దెనిమిదేళ్ళ కుర్రాడు. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టకూడదు.

అపోహ: జట్టులో ఏ చోటు ఖాళీగా ఉందో ఆ చోటుకి సరిపోయే కుర్రాణ్ణే తీసుకోవాలి.

వాస్తవం: ఆ కుర్రాడు జట్టులోకి వచ్చేసరికి ఆ ఖాళీ అక్కడ ఉండదు.

డ్రాఫ్ట్‌లో ఏడు రౌండ్లు, 32 జట్లు. పేరు పిలిచి జెర్సీ తొడిగినవాళ్ళలో ఆ అక్టోబర్‌లోనే ఎన్‌హెచ్‌ఎల్ ఆడేవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. మిగతావాళ్ళు జూనియర్‌కో, కాలేజీకో, యూరప్‌లో ఉన్న తమ క్లబ్‌కో తిరిగి వెళ్ళిపోతారు. నిబంధనలు కూడా అందుకు తగ్గట్టే ఉన్నాయి. పద్దెనిమిదేళ్ళ కుర్రాణ్ణి తొమ్మిది మ్యాచ్‌లు ఆడించి చూసి జూనియర్‌కి పంపేస్తే, అతని మూడేళ్ళ కాంట్రాక్టులో ఆ ఏడాది లెక్కలోకే రాదు. ఫార్వర్డ్ కుదురుకోవడానికి రెండు మూడేళ్ళు పడుతుంది, డిఫెన్స్‌మన్‌కి ఇంకొంచెం ఎక్కువ, గోలీ (గోల్‌కీపర్) సంగతైతే చెప్పక్కర్లేదు. ఈలోగా కోచ్ మారతాడు, మేనేజర్ మారతాడు, సగం జట్టు ట్రేడుల్లో చేతులు మారుతుంది. ఇవాళ్టి లైనప్ చూసి నాలుగేళ్ళ తర్వాతి అవసరం ఎవరికి తెలుస్తుంది?

2016 డ్రాఫ్ట్ నేను ఎవరికైనా మొదట చెప్పే ఉదాహరణ. ఆ మే నెలలో ఒంటారియోలోని లండన్ నైట్స్ అనే జూనియర్ జట్టు మెమోరియల్ కప్ (కెనడా జూనియర్ హాకీలో అతి పెద్ద కప్పు) గెలిచింది. ఫైనల్‌లో ఓవర్‌టైమ్ గోల్ కొట్టింది మాథ్యూ కచక్ అనే లెఫ్ట్ వింగర్ (ఎడమ అంచున ఆడే ఫార్వర్డ్). అదే జట్టులో ఒల్లి యోలెవి అనే ఫిన్లాండ్ కుర్రాడు డిఫెన్స్‌లో ఆడాడు. నెల తిరక్కుండానే డ్రాఫ్ట్. ఐదో పిక్ (ఎంపిక వంతు) వాంకూవర్‌ది. వాళ్ళకు డిఫెన్స్‌లో ఎదిగి వచ్చే కుర్రాళ్ళు కావాలన్నది అప్పట్లో అందరి నోటా వినిపించిన మాటే. యోలెవిని తీసుకున్నారు. ఆరో పిక్‌లో కాల్గరీ కచక్‌ని తీసుకుంది. ఒకే డ్రెస్సింగ్ రూమ్‌లో పక్కపక్కన కూర్చున్న ఇద్దరు, వెంట వెంట రెండు పిక్‌లు.

కచక్ ఆ అక్టోబర్‌లోనే ఎన్‌హెచ్‌ఎల్‌లో ఆడటం మొదలుపెట్టి మొదటి సీజన్‌లో 48 పాయింట్లు (గోల్స్, గోల్స్‌కి అందించిన పాస్‌లు కలిపి) తెచ్చాడు, 2021-22లో 104 తెచ్చాడు, ఆ తర్వాత ఫ్లోరిడాకి మారి 2024లో, 2025లో వరుసగా స్టాన్లీ కప్ (ఎన్‌హెచ్‌ఎల్ టైటిల్) ఎత్తాడు. యోలెవికి వెన్ను, మోకాలు గాయాలు ఒకదాని మీద ఒకటి. అతను వాంకూవర్ తరఫున మొదటి రెగ్యులర్ సీజన్ మ్యాచ్ ఆడేసరికి 2021 జనవరి వచ్చింది, ఆ అక్టోబర్‌లో ట్రేడ్ అయిపోయాడు. పాపం, అందులో ఆ కుర్రాడి తప్పేమీ లేదు. గాయాలు ఎవరి చేతుల్లోనూ ఉండవు, ఆ లెక్కన ఇది దురదృష్టమే అనేవాళ్ళున్నారు, ఒప్పుకుంటాను. కానీ ఇందులో చాలామంది చూడని సంగతి ఇంకొకటి ఉంది. మధ్యలో 2018లో వాంకూవర్‌కి ఏడో పిక్‌లో క్విన్ హ్యూజ్ దొరికాడు. అతనూ డిఫెన్స్‌మనే, అతనూ లెఫ్ట్ షాటే (ఎడమ వైపు నుంచి కర్రతో కొట్టేవాడే). 2024లో ఉత్తమ డిఫెన్స్‌మన్‌కిచ్చే నోరిస్ ట్రోఫీ గెలిచాడు. అంటే 2016లో ఏ చోటు ఖాళీ అనుకుని యోలెవిని తీసుకున్నారో, అతను సిద్ధమయ్యేలోపే ఆ చోట్లో ఇంకొకడు పాతుకుపోయాడు. గాయాలు లేకపోయినా ఇది జరిగేదే. అవసరం ఎలాగూ తీరింది, కచక్ మాత్రం మళ్ళీ దొరకలేదు.

2018లోనే ఇంకో కథ. మాంట్రియల్‌కి ఏళ్ళ తరబడి సెంటర్ (మధ్యలో ఆడే ఫార్వర్డ్) కరువు. మూడో పిక్‌లో యెస్పెరి కొట్కానియెమిని తీసుకున్నారు, వెంటనే ఆడించారు కూడా, మొదటి ఏడాది 34 పాయింట్లు తెచ్చాడు. అందరూ చప్పట్లు కొట్టారు. తర్వాత ఎదుగుదల నెమ్మదించింది, 2021లో కరోలినా 61 లక్షల డాలర్ల ఆఫర్ షీట్ (వేరే జట్టు ఆటగాడికి ఇచ్చే కాంట్రాక్టు ప్రతిపాదన) పెట్టి పట్టుకుపోయింది. నాలుగో పిక్‌లో ఒట్టావాకి వెళ్ళిన బ్రాడీ కచక్ (మాథ్యూ తమ్ముడే) అదే ఏడాది ఆ జట్టు కెప్టెన్ అయ్యాడు. ఖాళీ ఉంది కదా అని కుర్రాణ్ణి తొందరపడి అందులో కూర్చోబెడితే, అతను నేర్చుకోవాల్సిన వయసు కాస్తా టెన్షన్‌లో గడిచిపోతుంది. నాకైతే ఈ కథలో అన్నిటికంటే బాధ కలిగించేది అదే.

ఇక్కడ ఒక మెలిక ఉంది, దీన్ని గందరగోళం చేసుకోకండి. సెంటర్‌కి, డిఫెన్స్‌మన్‌కి లీగ్ మొత్తంలో విలువ ఎక్కువ. మంచి సెంటర్‌ని ట్రేడ్‌లో తెచ్చుకోవడం మహా కష్టం. కాబట్టి ఇద్దరూ సమానంగా కనిపిస్తే వింగర్ కంటే సెంటర్‌ని పైన పెట్టడం సబబే. అది పొజిషన్ విలువ, ప్రతిభ లెక్కలో భాగం. "మా దగ్గర సెంటర్ లేడు" అన్నది వేరే మాట. మొదటిది 32 జట్లకూ వర్తిస్తుంది, రెండోది ఒక్క జట్టు ఈ ఏటి అవస్థ. పిట్స్‌బర్గ్ 2004లో మాల్కిన్‌ని తీసుకుంది, 2005లో క్రాస్బీని తీసుకుంది. ఇద్దరూ సెంటర్లే. ఒకడున్నాడు కదా, ఇంకొకడెందుకని ఎవరూ అనలేదు. ఆ ఇద్దరితో మూడు కప్పులు వచ్చాయి.

మరి అవసరాన్ని అసలు చూడరా అంటే, చూస్తారు. స్కౌట్లందరూ కూర్చుని, గొడవలు పడి, ఒకే జాబితా తయారుచేస్తారు. ఆ జాబితాలో పేర్లు గుంపులుగా ఉంటాయి, ఈ నలుగురూ ఒక మెట్టు, ఆ తర్వాతి ఏడుగురు ఇంకో మెట్టు, ఇలా. మన వంతు వచ్చేసరికి పై మెట్టులో ఇద్దరు మిగిలి ఉంటే, అప్పుడు అడుగుతారు, మన దగ్గర ఏ చేతివాటం వాళ్ళు తక్కువ ఉన్నారు, గోలీలు ఎంతమంది ఉన్నారు అని. ఒకే మెట్టు మీద ఉన్నవాళ్ళ మధ్య మాత్రమే ఆ మాట చెల్లుతుంది. అవసరం పేరు చెప్పి ఒక మెట్టు కిందికి దిగారంటే అక్కడే మునిగారు. రేపటి మ్యాచ్‌కి డిఫెన్స్‌మన్ కావాలంటే ట్రేడులున్నాయి, జూలై 1న ఫ్రీ ఏజెన్సీ (కాంట్రాక్టు ముగిసినవాళ్ళను తీసుకునే అవకాశం) ఉంది. అవసరాలు తీర్చుకునే చోటు అది. 2017లో కొలరాడో ఆఖరి స్థానంలో నిలిచి, డ్రాఫ్ట్ వంతులు తేల్చే లాటరీలో నాలుగుకి జారి, అక్కడ కేల్ మకార్‌ని తీసుకుంది. వాళ్ళకు డిఫెన్స్ కావాలి, మకార్ ఆ స్థాయి ఆటగాడు, రెండూ కలిసొచ్చాయి. 2022లో కప్ వాళ్ళదే, ప్లేఆఫ్‌ల ఉత్తమ ఆటగాడికిచ్చే కాన్ స్మైత్ ట్రోఫీ అతనిదే. అలా కలిసొస్తే సంతోషం, కలపాలని కష్టపడకూడదు.

ఇక ఇళ్ళల్లో జరిగేది చెప్తాను, అసలు రాయడం మొదలుపెట్టిందే దీనికోసం. మిసిసాగా వైపు ఒక తెలుగు నాన్నగారు రింక్ దగ్గర పరిచయమయ్యారు. నైట్ షిఫ్ట్ చేసి నిద్రలేకుండా నేరుగా పొద్దున ఆరింటి ప్రాక్టీస్‌కి బాబుని తీసుకొచ్చే మనిషి. "అన్నా, రైట్ షాట్ డిఫెన్స్‌మన్‌కి డిమాండ్ ఉందట కదా, మావాడు రైట్ షాటే, అందుకే వింగ్ నుంచి డిఫెన్స్‌కి మార్పించాను" అన్నారు. డిమాండ్ ఉన్నమాట నిజమే, రైట్ షాట్ వాళ్ళు తక్కువ. బాబుకి పద్నాలుగేళ్ళు. వీడియో చూశాను. వింగ్‌లో ఆడిన పాత మ్యాచ్‌ల్లో పక్ (ఆటలో వాడే బిళ్ళ) తన దగ్గరికి వచ్చేలోపే రెండుసార్లు భుజం మీదుగా వెనక్కి చూసేవాడు, అందుకే పక్ అందగానే బోర్డుల (రింక్ చుట్టూ ఉండే గోడ) దగ్గర నుంచి లోపలికి కోసుకెళ్ళడానికి దారి ముందే తెలిసేది. స్కౌట్లు పడిచచ్చేది ఆ చూపు కోసం. డిఫెన్స్‌లో అదే పిల్లవాడు నెట్ వెనక పక్ కోసం వెళ్తూ తల కిందికి దించేస్తున్నాడు, వెనక నుంచి ఎవరొస్తున్నారో చూడట్లేదు, వెనక్కి స్కేట్ చేస్తూ తిరగాల్సిన చోట ఒక అడుగు ఆలస్యమవుతున్నాడు. భయం తప్ప ఆట కనపడలేదు. వాడిలో ఉన్న ఒక్క గొప్ప గుణం కొత్త పొజిషన్‌లో మాయమైపోయింది.

ఆయన మీద నాకు కోపం రాలేదు. ఏడాదికి వేల డాలర్లు, ప్రతి వారాంతం ప్రయాణాలు, అయినా పిల్లాడికి దారి ఉందో లేదో తెలియని దిగులు. ఎవరో ఒకరు "డిమాండ్ ఉంది" అంటే పట్టుకు వేలాడతారు. కోపం వచ్చేది ఆ మాట పుట్టించేవాళ్ళ మీద. ఈ ఏడాది జట్లకు ఏం కావాలో చూసి మీ పిల్లల్ని మలచకండి, వాళ్ళ డ్రాఫ్ట్ ఏడాది వచ్చేసరికి ఆ లెక్క మొత్తం తిరగబడుతుంది. స్కేటింగ్ సహజంగా ఉండి, కోచ్ ఆటను చూసి మార్చమంటే మార్చండి. మార్కెట్ చూసి మార్చకండి. ఆ బాబు తిరిగి వింగ్‌కే వెళ్ళాడు. డ్రాఫ్ట్ అవుతాడో లేదో ఎవరూ చెప్పలేరు కానీ, తల పైకెత్తి ఆడుతున్నాడు.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

ర్యాంకింగ్‌లో వెనక ఉన్నవాణ్ణి ముందు తీసుకుంటే పిచ్చి పని అంటారు. 2019లో డెట్రాయిట్ ఆరో పిక్‌లో మోరిట్స్ జైడర్‌ని తీసుకుంటే అందరూ నోళ్ళు వెళ్ళబెట్టారు, 2022లో అతనే ఉత్తమ కొత్త ఆటగాడికిచ్చే కాల్డర్ ట్రోఫీ గెలిచాడు. బయట కనిపించే జాబితాలు వేరు, జట్ల జాబితాలు వేరు.

ఫిట్‌నెస్ పరీక్షలో తప్పితే పని అయిపోయినట్టే అని భయపడతారు. 2014 కంబైన్‌లో (డ్రాఫ్ట్‌కి ముందు జరిగే ఫిట్‌నెస్ పరీక్షల్లో) శామ్ బెన్నెట్ ఒక్క పుల్-అప్ కూడా తీయలేకపోయాడు. నాలుగో పిక్‌లోనే వెళ్ళాడు, 2025లో కాన్ స్మైత్ గెలిచాడు. పద్దెనిమిదేళ్ళు దాటాకైనా కండ వస్తుంది, ఆట చదివే తెలివి అంత తేలిగ్గా రాదు.

పుట్టిన తేదీ చూసుకోండి. కటాఫ్ సెప్టెంబర్ 15, ఆ రోజుకి పద్దెనిమిదేళ్ళు నిండాలి. ఆస్టన్ మాథ్యూస్ సెప్టెంబర్ 17న పుట్టాడు, రెండు రోజుల తేడాతో 2015 కాకుండా 2016 డ్రాఫ్ట్‌కి వచ్చి మొదటి పిక్ అయ్యాడు. ఏడాది ఆలస్యమైందని ఏడవక్కర్లేదు.

గోలీల విషయంలో ఎవరి జోస్యమూ నమ్మకండి. 2000లో మొదటి పిక్ గోలీ డిపియెట్రో, అదే ఏడాది 205వ పిక్ లుండ్‌క్విస్ట్. హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఉన్నది రెండో ఆయన. 2012లో 130వ పిక్ హెల్లెబక్, 2025లో లీగ్‌లో అత్యంత విలువైన ఆటగాడికిచ్చే హార్ట్ ట్రోఫీ అతనిదే.

డ్రాఫ్ట్ కాకపోతే అంతే సంగతులు అన్నది శుద్ధ అబద్ధం. మార్టిన్ సెయింట్ లూయిస్, జోర్డానో, పనారిన్, ఈ స్టార్లెవరినీ ఏ జట్టూ డ్రాఫ్ట్ చేయలేదు. సర్రేలో పెరిగిన పంజాబీ కుర్రాడు అర్ష్‌దీప్ బైన్స్‌ని కూడా అంతే, 2021-22లో డబ్ల్యూహెచ్‌ఎల్ (పశ్చిమాన ఉన్న జూనియర్ లీగ్) మొత్తంలో ఎక్కువ పాయింట్లు తెచ్చి నేరుగా వాంకూవర్‌తో కాంట్రాక్టు చేసుకున్నాడు.

ఇంకొకటి, మన ఇళ్ళల్లో అన్నిటికంటే ముందు వచ్చే భయం: "మేజర్ జూనియర్ (జూనియర్ హాకీలో పై స్థాయి) ఆడితే అమెరికా కాలేజీ స్కాలర్‌షిప్ పోతుంది." ఇది పాత మాట. 2024 నవంబర్‌లో ఎన్‌సీఏఏ (అమెరికా కాలేజీ క్రీడల సంస్థ) నిబంధన మార్చింది, 2025 ఆగస్టు 1 నుంచి మేజర్ జూనియర్ ఆడినవాళ్ళు కాలేజీ హాకీ కూడా ఆడవచ్చు. అయితే జూనియర్‌లో ఉన్నప్పుడు ఎన్‌హెచ్‌ఎల్ కాంట్రాక్టు మీద సంతకం పెడితే లెక్క మారిపోతుంది, పెట్టే ముందు తెలిసినవాళ్ళతో మాట్లాడండి.

ఇక స్కౌట్లకు వీడియో పంపేవాళ్ళకి నాదొక విన్నపం. గోల్స్ మాత్రమే కత్తిరించి, పాట జోడించి పంపకండి. ఒక మ్యాచ్‌లో షిఫ్ట్‌లన్నీ వరుసగా, ఓడిపోయిన మ్యాచ్ అయినా సరే, పంపండి. ప్రతి షిఫ్ట్ మొదట్లో పిల్లవాడి మీద ఒక బాణం గుర్తు పెట్టండి, జెర్సీ నంబరు, ఏ చేతి షాట్, పుట్టిన తేదీ పైన రాయండి. పక్ తన దగ్గర లేనప్పుడు వాడేం చేస్తున్నాడో మేం చూడాలి. గోల్స్ మాకు స్కోర్ షీట్‌లో దొరుకుతాయి.