ఒకే బల్బు కింద రెండు తొండలు

గుంటూరు బ్రాడీపేటలో మా అక్కావాళ్ళింటికి రెండు బియర్డెడ్ డ్రాగన్ (ఇళ్ళలో పెంచుకునే ఆస్ట్రేలియా తొండ) పిల్లలు వచ్చినప్పుడు రెండూ ఒకే సైజులో ఉన్నాయి. "ఒక్కదాన్నే పెంచితే బెంగ పెట్టుకుంటుంది, జతగా తీసుకోండి" అన్నారట అమ్మినవాళ్ళు. మూడు నెలలు తిరిగేసరికి ఒకటి రెండోదానికి రెట్టింపయింది. చిన్నది ఎప్పుడు చూసినా పెద్దదాని కింద పడుకుని ఉండేది. "చూడు మామయ్యా, ఎంత ప్రేమో" అంటూ మా మేనల్లుడు ఫోటోలు పంపేవాడు. నాకూ ముచ్చటేసేది. ఒకరోజు చూస్తే, చిన్నదాని వెనక కాలి వేలొకటి నల్లబడి ఎండిన మిరప తొడిమలా వేలాడుతోంది.

ఆ ఫోటోల్లో ఉన్నది ప్రేమ కాదని నాకు అప్పుడు తెలిసింది.

మనలా వీటి ఒంట్లో వేడి పుట్టదు, బయటి నుంచి తెచ్చుకోవాలి. తిన్నది అరగాలన్నా వేడే కావాలి. ఇవి పుట్టిన ఆస్ట్రేలియా నడిమి ఎండుభూముల్లో దానికి కొదవ లేదు. ఒకటి కంచె గుంజ ఎక్కి ఎండ కాచుకుంటే, ఇంకొకటి దూరంగా మరో కొమ్మ చూసుకుంటుంది. అద్దాల పెట్టెలో ఉన్నది ఒక్కటే బల్బు. పైన పడుకున్నదానికి వేడీ, ఎండలో ఉండేలాంటి యూవీబీ (అతినీలలోహిత) కిరణాలూ దక్కుతాయి, కిందున్నదానికి నీడ మిగులుతుంది. యూవీబీ అందకపోతే ఒంట్లో విటమిన్ డీ3 తయారవదు, అది లేకపోతే తిన్న కాల్షియం ఎముకలకు పట్టదు. వేలికి కాటు పడకముందు నుంచే చిన్నది చిక్కిపోతూ వచ్చింది.

వీటిని అర్థం చేసుకోవడానికి మన పెరట్లో తొండను చూస్తే చాలు, రెండూ ఒకే కుటుంబానికి చెందినవి. చిన్నప్పుడు గోడ మీది తొండ మెడ ఎర్రబడితే మన రక్తం పీల్చేస్తోందని పరిగెత్తేవాళ్ళం. నిజానికి అది మగ తొండ. జతకట్టే కాలంలో తల, భుజాలు ఎర్రబడతాయి, గొంతు దగ్గర నల్లమచ్చ తేలుతుంది. ముందుకాళ్ళ మీద దండీలు తీస్తూ, ఈ గోడ నాది అని ఇంకో మగదానికి చెబుతుంది. రెండోది గోడ దిగి పోతుంది. అద్దాల పెట్టెలో దిగి పోవడానికి చోటేదీ?

బియర్డెడ్ డ్రాగన్‌కైతే గడ్డం ఉబ్బి నల్లబడుతుంది. మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2016లో ఒక చక్కటి విషయం ప్రచురించారు. వీపు రంగు ముఖ్యంగా వేడిని బట్టి మారుతుంది, గడ్డం, ఛాతీ రంగు మాత్రం ఎదురుగా ఉన్న ఇంకో డ్రాగన్‌ను బట్టి మారుతుంది. గడ్డం నల్లబడి, తల గబగబా పైకీ కిందకీ ఆడిందంటే అది బెదిరింపే. ఒక ముందుకాలు ఎత్తి మెల్లగా గుండ్రంగా తిప్పితే "నీ జోలికి రాను" అని లొంగిపోవడం. మన పిల్లలు దాన్ని చూసి టాటా చెబుతోందని మురిసిపోతారు. మా చిన్నది రోజంతా అలా తిప్పుతూనే ఉండేదట. తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

రెండు మగవైతే పోట్లాట ఖాయం. ఆడా మగా అయితే మగది వదలకుండా వెంటపడి మెడ కొరుకుతుంది, ఆడది గుడ్ల మీద గుడ్లు పెట్టి నీరసించిపోతుంది. రెండు ఆడవైనా నమ్మకం లేదు. పిల్లలుగా ఉన్నప్పుడు ఏది మగదో ఏది ఆడదో చెప్పడమే కష్టం. పైగా ఆ వయసులో కదిలేదల్లా పురుగులాగే కనిపిస్తుంది, పక్కదాని వేలైనా తోక కొసైనా. ఇంట్లో బల్లికి తోక ఊడితే మళ్ళీ మొలుస్తుంది కదా అనుకోవద్దు. వీటికి మొలవదు.

డాక్టరుకు చూపించాక, ఆ సాయంత్రమే రెండోదానికి వేరే పెట్టె పెట్టించాం. పెద్దయ్యాక ఒక్కో దానికి నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు ఉన్న పెట్టె కావాలి. బల్బు కింద 40 డిగ్రీల దాకా, రెండో చివర 25-28 డిగ్రీలు ఉండాలి. గుంటూరు మే నెలలో ఆ చల్లటి చివర కోసమే అవస్థ, గదినే చల్లబరచాల్సి వచ్చింది. కిటికీ పక్కన పెట్టినంత మాత్రాన యూవీబీ అందదు, అద్దం దాన్ని ఆపేస్తుంది. పెట్టెలు పక్కపక్కనే ఉంటే మధ్యలో అట్ట నిలబెట్టాలి. ఒకదానికొకటి కనిపిస్తూ ఉంటే టెన్షన్ పోదు.

చిన్నది రెండు రోజులు చల్లటి మూలలోనే నక్కి కూర్చుంది. మూడోరోజు పొద్దున మేనల్లుడు ఫోటో పంపాడు. వీపు దోసెలా పరిచి, నోరు కాస్త తెరిచి, సరిగ్గా బల్బు కిందే ఉంది. వెనక కాలికి నాలుగు వేళ్ళే.