గ్రీ-గ్రీ విని భయపడ్డ పిల్లలకు

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

మీ నాన్న పెట్టిన గ్రీ-గ్రీ అనే రికార్డు విని, ‘ఈ డాక్టర్ జాన్ నిజంగా మంత్రగాడా, ఈ పాటలు వింటే మనకేమైనా అవుతుందా’ అని అడిగారు. ఏమీ కాదు. ఆయన 1941లో అమెరికాలోని న్యూ ఆర్లీన్స్ నగరంలో పుట్టిన సంగీతకారుడు. అసలు పేరు మాల్కం జాన్ రెబెనాక్. వయసులో ఉండగా ఒక గొడవలో తుపాకి గుండు తగిలి ఎడమచేతి వేలు దెబ్బతినడంతో గిటారు వదిలి పియానో వైపు మళ్లాడు. పంతొమ్మిదో శతాబ్దంలో అదే ఊళ్లో సెనెగల్ దేశం నుంచి వచ్చిన ఒక నల్లజాతి నాటువైద్యుడు డాక్టర్ జాన్ అన్న పేరుతో మూలికలు ఇస్తూ, తాయెత్తులు కడుతూ ఉండేవాడు. అటువంటి తాయెత్తునే అక్కడ గ్రీ-గ్రీ అంటారు. ఆ వైద్యుడి పేరునూ వేషాన్నీ ఈయన వేదిక కోసం ధరించాడు.

ఇక ఆ సంగీతం అలా ఎందుకుందో చెప్పడానికి నాకు సంక్రాంతి దప్పళం కంటే మంచి ఉపమానం దొరకడం లేదు. నా చిన్నతనంలో పండుగనాడు మా నాయనమ్మ పెద్ద ఇత్తడి గిన్నెలో చింతపండు పులుసు మరగనిచ్చి, ముందు ములక్కాడలు, ఆ తరవాత వంకాయలు, చిలగడదుంపలు, అన్నిటికీ చివర గుమ్మడికాయ ముక్కలు వేసేది. అన్నీ ఒకేసారి వేసేద్దామని నేను తొందరపడితే గరిటె అడ్డంపెట్టి, ‘దేని ఉడుకు దానిదిరా’ అనేది. తినేటప్పుడు ములక్కాడ ములక్కాడగానే ఉండేది, గుమ్మడికాయ మాత్రం సగం కరిగి పులుసుకు తీపిని ఇచ్చేది.

ఈ రికార్డులో పులుసు వంటివి డ్రమ్ములు. ఆఫ్రికా నుంచి బానిసలుగా పట్టి తెచ్చిన జనం తమ దేవతలనూ, దరువులనూ వెంట తెచ్చుకున్నారు. ఆ దేవతల ఆరాధననే ఊడూ అంటారు. 1809లో హైతీ నుంచి వెళ్లినవారు క్యూబా మీదుగా తొమ్మిది వేలమందికి పైగా న్యూ ఆర్లీన్స్ చేరడంతో ఆ ఆరాధన అక్కడ మరింత బలపడింది. 1817లో నగరపాలకులు బానిసలు ఆదివారాలు మాత్రమే, తాము చెప్పిన చోట మాత్రమే గుమికూడాలని కట్టడి చేశారు. కాంగో స్క్వేర్ అనే ఆ మైదానంలో వారు చేతులతో డ్రమ్ములు వాయిస్తూ ఆడేవారు, పాడేవారు. ఆ ఊడూనే సినిమాలవాళ్లు క్షుద్రపూజ అన్నట్టు చూపించి మనల్ని భయపెట్టారు. ఒకరు కొలిచే దేవుణ్ని చూసి మనం జడుసుకోవడం, వెక్కిరించడం తగదు పిల్లలూ.

ఆ పులుసులో ములక్కాడలాగా విడిగా పంటికి తగిలేది బ్లూస్, అంటే కూలినాలి చేసుకునే నల్లవారి దుఃఖగీతం. గుమ్మడికాయలా కరిగి అంతటా వ్యాపించేది ఫంక్, అంటే తాళమే ప్రధానంగా సాగే నల్లవారి ఆటపాట. ‘మామా రూ’ పాటలో కింది స్వరాలను వినండి, మీ కాలు దానంతట అదే కదులుతుంది. ఇందులో ఇంగువ లాంటిది ప్రతిధ్వని, దాని సంగతి చెప్పకపోతే ఉపమానం పూర్తి కాదు. 1967లో లాస్ ఏంజెలెస్‌లోని గోల్డ్ స్టార్ స్టూడియోలో దీన్ని రికార్డు చేశారు. అక్కడ గట్టి గోడలతో మూసిన ఒక గది ఉండేది. గాయకుడి గొంతును ఒక స్పీకరు ద్వారా ఆ గదిలోకి వదిలితే, అది గోడగోడకూ కొట్టుకుని, సాగి, ఆలస్యంగా మైకును చేరేది. ఆయన గుసగుసగా అన్న మాట మీకు బావిలోంచి వచ్చినట్టు వినిపించడానికి కారణం ఆ గదే, మంత్రం కాదు. ఆ కాలపు యువకులు ఇటువంటి తేలిపోయే ధ్వనులను ఎంతో ఇష్టపడేవారు.

దీన్ని కూర్చిన హెరాల్డ్ బాటిస్ట్ కూడా న్యూ ఆర్లీన్స్ మనిషే. సానీ, చెర్ అనే జంట గాయకుల కోసం తీసుకున్న స్టూడియో గంటల్లో మిగిలినవాటిని ఈ పనికి వాడుకున్నాడు. వాయించినవారిలో, పాడినవారిలో చాలామంది ఆ ఊరి నల్లజాతి కళాకారులు, బతుకుతెరువు కోసం సొంత ఊరికి ఎంతో దూరం వచ్చినవారు. ఊరి మీది బెంగతో, ఊరి రుచి చెడకుండా, పరాయి చోట వండుకున్న వంట ఇది. మరుసటి ఏడాది, 1968లో, విడుదలైనప్పుడు పెద్దగా అమ్ముడుపోలేదు. నాకు మాత్రం అందులోని ఏడు పాటల్లో ఒక్కటీ తీసేయదగ్గదిగా కనిపించదు.

ఆ ఏడూ కలిసి ఇంతటి వింత లోకాన్ని ఎలా నిలబెట్టాయో పూర్తిగా విడమరచి చెప్పడం నా వల్ల అయ్యే పని కాదు, అది ఆశ్చర్యంగానే ఉండనివ్వండి. మీరు హ్యూస్టన్‌లోనే ఉన్నారు కనుక సెలవుల్లో న్యూ ఆర్లీన్స్ తీసుకువెళ్లమని మీ నాన్నను అడగండి. కాంగో స్క్వేర్ ఇప్పుడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ పార్కులో ఉంది. ఆదివారం మధ్యాహ్నాలు డ్రమ్ములు వాయించేవారు నేటికీ అక్కడ చేరుతుంటారు. పక్కన నిలబడి, ఏ దరువు చేత్తో వస్తోందో, ఏది పుల్లతో వస్తోందో గమనించి, నాకు తప్పకుండా ఉత్తరం రాయండి.

మీ తాతయ్య