బండి తోలేవాడు కునికితే

చిన్నీకి, బుజ్జికి తాత ఆశీస్సులు.

పెద్దమ్మ ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చి ఇడ్లీ తిన్నదని విన్నాక నా ప్రాణం కుదుటపడింది. ఇక చిన్నీ అడిగిన ప్రశ్న. వేసుకున్న సంగతి మరిచిపోయి ఫిట్స్ మాత్ర మళ్ళీ మళ్ళీ వేసుకుని ఆమె మగతలో పడి ఉంటే, డాక్టరు ఆమె తలను అటూ ఇటూ తిప్పి చూశారు. కళ్ళు గోడమీద బొమ్మ కళ్ళలా తలతోపాటే పోయాయి. టార్చి వేస్తే మాత్రం కంటిపాప చిన్నదైంది. "తాతా, కంటి నరాలు తెగిపోయాయా?" అన్నావు.

తెగలేదమ్మా. ఒక్కో కంటిని తిప్పడానికి ఆరు కండరాలున్నాయి. అవి పగ్గాలనుకో, వాటిని పట్టుకుని తోలేది మెదడు.

నా చిన్నప్పుడు మా నాయన ఒంగోలు గిత్తల జతను కట్టి, కందుకూరు నుంచి సింగరాయకొండకు పొగాకు బేళ్ళు తోలేవాడు. నేను బేళ్ళ మీద పడుకునేవాణ్ణి. ఒక తెల్లవారుజామున బండి ఆగిపోయింది. చూస్తే నాయన కునుకుతున్నాడు, పగ్గాలు ఒళ్ళో జారిపోయి ఉన్నాయి. ఎలపటది గడ్డి వైపు, దాపటది రోడ్డు వైపు లాగుతుంటే కాడి కిర్రుమంటోంది. పగ్గం తెగలేదు, గిత్తలకు జబ్బు లేదు. తోకలు మాత్రం ఈగల్ని తోలుతూనే ఉన్నాయి! కంటిపాప ఆ తోకలాంటిది. మత్తు ఎక్కువైనా చాలాసేపు వెలుగుకు పలుకుతుంది. అందుకే కళ్ళు కదలక, పాప మాత్రం పలికితే డాక్టర్లకు ముందు మందు మీదికి అనుమానం పోతుంది. డాక్టరు పెద్దమ్మ మందుల సంచీ తెమ్మన్నది అందుకే.

ఆ మాత్ర ఫినోబార్బిటాల్. 1864లో జర్మనీలో బేయర్ అనే శాస్త్రవేత్త తయారుచేసిన బార్బిట్యూరిక్ ఆమ్లం నుంచి పుట్టిన కుటుంబంలోది, 1912లో మందుగా వచ్చింది. మెదడు కణాల అల్లరిని అణచి ఫిట్స్ ఆపుతుంది. మోతాదు కొంచెం మించితే కళ్ళు ఊగిసలాడతాయి, బాగా మించితే బండి తోలేవాడే నిద్రపోతాడు. అట్లని భయపడి మానేయకూడదు, ఉన్నట్టుండి ఆపితే ఫిట్స్ ఇంకా గట్టిగా రావచ్చు. పెద్దమ్మ మాత్ర వేసుకోగానే క్యాలెండరులో టిక్కు పెట్టడం ఇకనుంచి బుజ్జి పని.

రేపు పొద్దున అద్దం ముందు నిలబడి, మీ కంటినే చూస్తూ తల మెల్లగా తిప్పండి. తల తిరిగినా చూపు కదలదు. ఆ రోజు పెద్దమ్మ కళ్ళు చేయలేకపోయింది ఇదే. తరవాత కంటి తెల్లగుడ్డులో సన్నటి ఎర్రగీత ఒకటి గుర్తుపెట్టుకుని, తలను భుజం మీదికి వంచండి. ఆ గీత కొంచెం ఎదురు తిరుగుతుంది. ఇన్నేళ్ళొచ్చినా నాకది చూస్తే ఒళ్ళు జలదరిస్తుంది. మీకు కనిపించిందో లేదో రాయండి.

మీ తాత